వేలి కొనంత వెన్న

ఏప్రిల్ 12

తలా వీధి ఎక్కుడంతా ఆగకుండా ఎక్కేశాను! కింద రంగులవాళ్ళ వీధిలో మా గుమ్మం దగ్గర మొదలుపెట్టి, పైన మా కొట్టు ఉన్న స్మెన్, అదే మురగబెట్టిన వెన్న, అంగళ్ళ దాకా. ఒక్క చోట గోడ పట్టుకోలేదు, ఒక్క అరుగు మీద కూర్చోలేదు. అల్హమ్దులిల్లా అని ఈ పేజీ నిండా రాసినా నాకు తనివి తీరదు.

నా కూతురు బతూల్ నా వెనకే వచ్చింది, చేతిలో పట్టుదారం ఉండతో, పోలీసులాగా. మధ్యలో గాడిదవాడు "బాలక్! బాలక్! తప్పుకోండి!" అని అరుస్తూ మీదికొస్తే గోడకు నక్కాను. "అది ఆగినట్టు కాదులే బా" అంది. నన్ను నాన్నా అనదు, చిన్నప్పటి నుంచీ బా అనే. నా తల్లి, ఎంత న్యాయంగా ఉంటుందో.

మా కొట్టు పక్కన తేనె అమ్మే అబ్స్లామ్ లేచి నిలబడ్డాడు.

"ఏరా బూష్తా, కొత్త కాలు కొన్నావా? ఏ కొట్లో?"

"పెద్దాసుపత్రిలోరా. ఫిబ్రవరిలో. తొడలో తీగ దూర్చి, మూసుకుపోయిన నాళంలో బెలూన్ ఊదారు. పాత ఇంటికి కొత్త గొట్టం."

"ఇక దూకుతావా?"

"దూకను. పెళ్ళి చేస్తాను!"

అప్పుడు బతూల్ కొట్టు గడప మీద నిలబడి, తలొంచుకుని అంది: "బా, అయితే థామికి సరేనని చెప్పు."

ముప్ఫై తొమ్మిదేళ్ళు నా కూతురికి. వాళ్ళమ్మ హనియా పోయి పదకొండేళ్ళు. రెండు సంబంధాలు నా కాలు చూసి వద్దంది. మూడోది సెఫ్రూలో దారాల వ్యాపారి థామి. మా పిల్ల జలాబా అంగీలకు గుండీలు అల్లుతుంది, ఆయన దగ్గరే పట్టుదారం కొంటుంది, ఆరేళ్ళుగా. "నువ్వు తలా ఆగకుండా ఎక్కిన రోజు చూద్దాం" అనేది. అదుగో, ఎక్కాను!

ఆసుపత్రిలో నడక నేర్పిన అమ్మాయి ఒక చిన్న పుస్తకం ఇచ్చింది, రోజూ ఎంత నడిచానో, ఎక్కడ ఆగానో రాయమని. అది డాక్టరు గారికి. ఇది నేను కొనుక్కున్నాను. ఇది నాకే. అందులో సంతోషం రాయడానికి గడి లేదు.

ఏప్రిల్ 16

రక్తం కాగితం వచ్చింది. చెడ్డ కొవ్వు సున్నా పాయింట్ డెబ్బై. బెలూన్ వేసే ముందు రెండు దాటి ఉండేది. డాక్టర్ స్లాస్సి నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను ఇదే మొదటిసారి చూడటం.

"కొవ్వు మాత్ర మానకండి. నాళం లోపల గోడకు మళ్ళీ పేరుకుంటే మళ్ళీ ఇరుకవుతుంది. బెలూన్ దారి తీసింది అంతే. ఆ దారిని కాపాడేది ఈ అంకె. ఇంట్లో స్మెన్ తింటున్నారా?"

"ఇంట్లో జాడీ మూత తీసి ఏడాదైంది డాక్టరు గారూ."

నిజం. ఒట్టు. బతూల్ మా వంటింట్లో మురగబెట్టిన వెన్న అనే మాటే లేకుండా చేసింది. అన్నీ ఆలివ్ నూనెతోనే.

కొట్టు గురించి ఆయన అడగలేదు. అడగడానికి ఏముంది? అమ్మేవాడు తింటాడా?

మే 3

థామి వచ్చాడు, అక్కనూ బావనూ వెంటబెట్టుకుని. చక్కెర దిమ్మలు, పాలు, ఖర్జూరాలు. పెళ్ళి సెప్టెంబరు 12, శుక్రవారం. ఎంత మెత్తటి మనిషి! భార్య పోయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. బతూల్ టీ పోస్తే గ్లాసు వంక కాకుండా దాని చేతి వంక చూస్తున్నాడు. వేళ్ళన్నీ సూది గాట్లే. "ఈ చేతులకు సెలవు ఇవ్వాలి" అన్నాడు. "ఇస్తే నీ దారం ఎవరు కొంటారు?" అంది ఇది. అందరం నవ్వి నవ్వి, నాకు దగ్గు వచ్చింది.

నేను పాడాను కూడా. నా గొంతు తెలిసి కూడా ఎవరూ ఆపలేదు.

మే 21

ఫౌంటెన్ దగ్గర కాసేపు ఆగాను. ఆగాను అనడం తప్పు, కత్తులు సానబట్టే ముసలాయనను పలకరించాను. చాన్నాళ్ళైంది పలకరించి.

మే 24

సానబట్టే ఆయననూ పలకరించాను, పైన చెప్పులు కుట్టే అతన్నీ పలకరించాను. మంచి మనుషులు.

మే 30

పిక్క లాగుతోంది. ఎడమదే. బెలూన్ వేసిందే.

అబ్స్లామ్ చెప్పాడు, వాళ్ళ బావమరిదికి కూడా అంతేనట. "కొలెస్ట్రాల్ మాత్రరా అది. కండను తినేస్తుంది. వాడు మానేశాడు, మర్నాడు గుర్రంలా నడిచాడు."

నాకు దీపం వెలిగినట్టైంది! మాత్ర వల్ల! అంతే కదా, గొట్టం కొత్తది కదా, నొప్పి ఎందుకొస్తుంది? మాత్ర మానేశాను. బతూల్‌కు చెప్పలేదు. దానికి పెళ్ళి బట్టల గుండీలు, నూట ఇరవై అల్లాలి, దాని కళ్ళు దానికే చాలవు.

మాత్రను రోజూ డబ్బాలోంచి తీసి జేబులో వేసుకుంటున్నాను.

జూన్ 6

కొంచెం తగ్గినట్టుంది.

జూన్ 7

తగ్గలేదు. ఎండ ఎక్కువ.

జూన్ 19

ఖలీ రోజులు మొదలయ్యాయి. కొండ ఊళ్ళనుంచి ఎండబెట్టిన గొడ్డుమాంసం పెద్ద పెద్ద గుండిగల్లో కొవ్వులో కాగి, జాడీల్లో పేరుకుని వస్తోంది. స్మెన్ జాడీలు సరేసరి. ఈ రోజు నలభై మూడు జాడీలు చూశాను. ఒక్కోదానికీ మూత తీసి, చూపుడు వేలు దించి, నాలిక మీద పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పాలి: ఆరు నెలలదా, ఏడాదిదా, ఉప్పు తక్కువా, మేకపాలు కలిసిందా, చెడిందా. మా నాన్న వేలు చెప్పినదాన్ని ఈ వాడలో ఎవరూ కాదనలేదు. నా వేలూ అంతే. మెక్నెస్ పట్నం నుంచి కూడా జాడీలు మోసుకొస్తారు. రుచి చూసినందుకు డబ్బు తీసుకోం, అది మా ఇంటి మర్యాద.

నలభై మూడూ కూర్చునే చేశాను. కూర్చునే పని కావడం ఎంత అదృష్టం.

అలసిపోయాను. సంతోషంతో కూడా మనిషి అలసిపోతాడు.

జులై 2

ఊళ్ళో నన్ను మెచ్చుకుంటున్నారు. "బూష్తా ఎంత కలుపుగోలుగా మారాడు, కూతురి పెళ్ళి ఖాయమైనప్పటి నుంచి ప్రతి కొట్టు ముందూ ఆగి మాట్లాడుతున్నాడు" అని ఇత్తడివాళ్ళు అనుకుంటున్నారట. బతూల్ నవ్వుతూ చెప్పింది.

"ఆరు చోట్ల ఆగావంట బా?"

"పిలుపులు తల్లీ. పెళ్ళికి పిలవద్దా?"

"ఇత్తడివాళ్ళను మూడుసార్లు పిలిచావంట."

"మరచిపోతారేమోనని."

నవ్వింది. నవ్వాక ఒక్క క్షణం నా కాలి వంక చూసింది. నేను కాలు కదిలించి చూపించాను.

డాక్టరు గారి పుస్తకంలో రాశాను: ఆగలేదు.

జులై 16

ఒక్కణ్ణే వెళ్ళి రక్తం ఇచ్చాను. చెడ్డ కొవ్వు ఒకటి పాయింట్ తొంభై.

మనుషులు చేసే యంత్రాలు తప్పు చూపిస్తాయి.

ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు, స్కాన్ తీయాలి రమ్మని. పెళ్ళి అయ్యాక వస్తానని చెప్పాను. ఎప్పుడు పెళ్ళి అని అడిగింది ఫోన్‌లో మాట్లాడిన పిల్ల. చెప్పాను. మా ఇంట్లో పెళ్ళి అని చెప్పుకోవడం ఎంత బాగుంటుంది! ఆ పిల్లను కూడా పిలిచాను.

బతూల్‌కు తెలిస్తే పెళ్ళి ఆపేస్తుంది. మాట అంటే మాటే, హనియా పోలిక. ఆపితే థామి ఎన్నాళ్ళు చూస్తాడు? నలభై ఆరేళ్ళవాడు. ఇది మళ్ళీ నా మంచం పక్కన గుండీలు అల్లుకుంటూ కూర్చుంటుంది. రెండు నెలలు. రెండు నెలలు ఈ కాలు నాకు అప్పు ఇస్తే చాలు.

జులై 29

పెళ్ళికని కొత్త పసుపు బలగా చెప్పులు కొన్నాను. ఎడమ కాలి చిటికెన వేలు ఒరుసుకుంది. చిన్న పుండు.

ఆగస్టు 6

పుండు అలాగే ఉంది. తేనె రాస్తున్నాను. అబ్స్లామ్ మంచి తేనె ఇచ్చాడు.

ఆగస్టు 9

పడుకుంటే కాలు మండుతోంది, మంచం మీంచి కిందికి వేలాడేస్తే చల్లారుతుంది. ఈ మధ్య కూర్చునే నిద్రపోతున్నాను. సంతోషానికి నిద్ర పట్టదు అంటారు కదా.

ఆగస్టు 10

నాలుగు అంగళ్ళు దాటాను. ఆగాను.

ఆగస్టు 14

ఇది రాయాలంటే చెయ్యి రావడం లేదు.

థామి సెఫ్రూ నుంచి వచ్చి, "మావయ్యా, ఇద్దరం హమ్మాంకు, వేడినీళ్ళ స్నానానికి, వెళ్దాం, మీ వీపు నేను రుద్దుతాను" అన్నాడు. కాబోయే అల్లుడు వీపు రుద్దుతానంటే కాదంటానా? ఆనందంలో నేను కాలి సంగతే మరచిపోయాను. వేడి గదిలో కూర్చున్నాం. వీపు రుద్దాడు, చేతులు రుద్దాడు, ఎంత ఓపికగానో. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని కాళ్ళు పట్టుకున్నాడు.

కుడి కాలు రుద్దాడు. ఎడమ కాలు చేతిలోకి తీసుకుని, రెండు పాదాలూ మార్చి మార్చి తడిమాడు.

"మావయ్యా, ఇంత వేడిలో ఈ పాదం చల్లగా ఉందేంటి?"

"రాయి మీద పెట్టాను కదా."

"కుడిదీ అదే రాయి మీద పెట్టారు." వేలు పక్కకు తీసి చూశాడు. "ఇది నల్లబడింది."

"చెప్పు ఒరిసింది బాబూ."

"మా అమ్మకు ఇలాగే చెప్పు ఒరిసింది. మోకాలి కింద దాకా తీసేశారు."

నీళ్ళు చప్పుడవుతున్నాయి, మా పక్కన ఎవరో పిల్లవాడికి సబ్బు పెడుతుంటే వాడు గోల చేస్తున్నాడు. నేను థామి చెయ్యి పట్టుకున్నాను. ఇంత వయసొచ్చి, తువ్వాలు కట్టుకుని, కూతురు వయసుకు దగ్గరి మనిషిని బతిమాలాను. నెల రోజులు. నెల రోజులు నోరు విప్పకు నాయనా.

"నేను బతూల్‌కు అబద్ధం చెప్పి ఇంటికి తీసుకెళ్ళాలా? మొదటి రోజే?"

"అబద్ధం కాదు. చెప్పకపోవడం."

"ఆదివారం దాకా చూస్తాను మావయ్యా. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నన్ను వద్దంటే అననీయండి."

తర్వాత ఎడమ కాలు కూడా రుద్దాడు. పుండు తగలకుండా, గుడ్డు తుడిచినట్టు.

ఆగస్టు 15

చెప్పలేదు. ఇంటికి చుట్టాలు వచ్చారు.

ఆగస్టు 16

చుట్టాలెవరూ రాలేదు. అయినా చెప్పలేదు.

ఆగస్టు 17

చెప్పాను.

అది కిటికీ దగ్గర గుండీ అల్లుతోంది. పక్కన కూర్చుని చెప్పులు తీసి కాలు చూపించాను. జేబులోంచి మాత్రలు కూడా తీసి గుండీల పళ్ళెంలో పోశాను. గుండీలూ మాత్రలూ కలిసిపోయాయి.

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. మాత్రలన్నీ ఏరి పక్కన పెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"మే."

"మాత్ర ఎందుకు మానావు?"

అబ్స్లామ్ బావమరిది కథ చెప్పాను. రక్తం కాగితం అడిగింది. ఇచ్చాను. అంకె మీద వేలు పెట్టింది.

"మాత్ర మానితే పెరుగుతుంది, సరే. ఇంత? నీకు నేను పెట్టేది ఆలివ్ నూనె, బార్లీ రొట్టె. చెప్పు బా. కొట్లో ఏం తింటున్నావు?"

"ఏమీ తినను. నువ్వు కట్టిచ్చినదే."

"స్మెన్?"

"రుచి చూస్తాను. అది పని. తినడం వేరు, చూడటం వేరు."

"రోజుకు ఎన్ని జాడీలు?"

"నలభై. ఖలీ రోజుల్లో ఇంకొన్ని."

లేచి వెళ్ళింది. మా ఇంటి స్మెన్ జాడీ, ఏడాదిగా మూత తీయనిది, అటక మీంచి దించి నా ముందు పెట్టింది. ఒక టీ గ్లాసు పెట్టింది, ఒక కత్తి పెట్టింది.

"ముంచు. కొట్లో ఎలా ముంచుతావో అలాగే."

ముంచాను. వేలి కొనంత. అది కత్తి వీపుతో నా వేలి మీది వెన్న గీసి గ్లాసులో వేసింది. "ఒకటి. మళ్ళీ."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, మొదటి పదింటి దాకా నేను నవ్వాను. చూడవే, అడుగు కూడా తడవలేదు అన్నాను. ఇరవై దగ్గర నవ్వు ఆగింది. అది లెక్క పెడుతూనే ఉంది, నా వేలు తుడుస్తూనే ఉంది, చిన్నప్పుడు నేను దాని మూతి తుడిచినట్టు. ముప్ఫై రెండు నుంచి అంకెలు పైకి అనలేదు. వేళ్ళతో చూపించింది. నలభై.

గ్లాసులో సగం దాటింది. పసుప్పచ్చగా, గట్టిగా, ఎండ పడి మెరుస్తూ.

"ఇది తాగమని ఇస్తే తాగుతావా బా?"

"ఛీ."

"రోజూ తాగావు."

యాభై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మా నాన్న కాలు కూడా చివర్లో నల్లబడింది. చలికి అనుకున్నాం. ఈ మాట దానితో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 19

బతూలూ నేనూ డాక్టర్ స్లాస్సి దగ్గరికి వెళ్ళాం. స్కాన్ తీశాడు. బెలూన్ వేసిన చోటే నాళం మళ్ళీ సన్నబడింది, దారమంత సందు ఉంది. సోమవారం మళ్ళీ బెలూన్ వేయాలి, ఈసారి లోపల జాలీ గొట్టం కూడా పెట్టాలి. ఆలస్యమైతే వేలు, తర్వాత పాదం. ఆయన తిట్టలేదు. డాక్టర్లు తిట్టనప్పుడే భయం.

మాత్రకూ పిక్క నొప్పికీ ఉన్న సంబంధం అడిగాను. "కొందరికి నొప్పి వస్తుంది. వస్తే నాకు చెప్పాలి, మాత్ర మారుస్తాను. మీ నొప్పి నడిస్తే వచ్చి ఆగితే పోయేది కదా? అది నాళం నొప్పి, మాత్ర నొప్పి కాదు." ఆగితే పోయేది. అవును. పలకరిస్తే పోయేది.

బయటికి రాగానే బతూల్ అంది: "పెళ్ళి వద్దు."

"వద్దా, వాయిదానా?"

"నాకు తెలీదు."

"అయితే సోమవారం నేనూ రాను."

"బెదిరిస్తున్నావా?"

"బేరం చేస్తున్నాను. యాభై రెండేళ్ళు అంగట్లో కూర్చున్నాను తల్లీ, నాకు ఇదొక్కటే వచ్చు. విందు వద్దు, ఊరేగింపు వద్దు, డప్పులు వద్దు. శనివారం సంతకాలు పెట్టు. సోమవారం నేను బల్ల మీద పడుకుంటాను. నువ్వు సెఫ్రూ వెళ్తావు. ఇక్కడ నాకు ఖద్దూజ్ వస్తుంది."

ఖద్దూజ్ నా చెల్లెలు, విధవరాలు, ఇక్కడికి రెండు వీధులవతల కొడుకు ఇంట్లో కోడలితో రోజూ దెబ్బలాడుతుంది. ఫోన్ చేస్తే సగం మాటలోనే మూట కట్టింది.

బతూల్ రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది. కోపంతో. ఆ ఏడుపులోనే సరే అంది. అల్హమ్దులిల్లా! అల్హమ్దులిల్లా!

నాకు కళ్ళు తిరిగాయి. టాక్సీలో పడుకున్నాను.

ఆగస్టు 21

అబ్స్లామ్ కొట్టుకు వచ్చి, తలుపు వేసి, ఏడ్చాడు. "నా బావమరిది నోరు పడిపోను."

"నీ బావమరిది ఎలా ఉన్నాడురా?"

"అడగలేదురా. ఆరు నెలలైంది వాడితో మాట్లాడి."

ఇకనుంచి వాడే వేలు ముంచుతాడట, రుచి వర్ణిస్తాడట, నేను తీర్పు చెప్పాలట. ఈ రోజు ప్రయత్నించాం. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటాడు. అన్ని జాడీలూ బాగున్నాయే వాడికి. వాడి రక్తం కూడా పరీక్ష చేయించాలి.

ఆగస్టు 23

పెళ్ళి రాసే పెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చారు. థామి తెల్ల జలాబాలో వచ్చాడు. బతూల్ తాను అల్లుకున్న గుండీల్లో అరవై పూర్తయినవి కుట్టుకుంది, మిగతా సగం పిన్నులు.

పెద్దాయన అడిగాడు: "అమ్మా, నువ్వే సంతకం చేస్తావా, మీ తండ్రికి అధికారం ఇస్తావా?" ఈ కాలం చట్టం అది, పెద్దైన ఆడపిల్ల తన పెళ్ళి తనే చేసుకోవచ్చు.

బతూల్ నా వంక చూసింది. "ఆయనకే ఇస్తున్నాను. కానీ అయ్యా, ముందు ఆయన చేత ఒట్టు వేయించండి. నిజం చెప్పడం కొంచెం అలవాటు తప్పింది."

పెద్దాయన నవ్వలేదు. థామి నవ్వాడు. నేను నా కూతుర్ని ఇస్తున్నానని మూడు మాటలు చెప్పాలి, మొదటి మాట దగ్గరే ఆగాను. మంచినీళ్ళు తాగి చెప్పాను. ఖద్దూజ్ యూ యూ అని పెళ్ళి కూతలు పెట్టింది, వీధి వీధంతా లేచింది, డప్పులు వద్దన్నాను కదా, ఎవరో ఇత్తడి పళ్ళెం వాయించారు. ఇంత సంతోషం ఈ ఒంట్లో ఎక్కడ పడుతుందో నాకు తెలీదు. కూర్చుంటే లేవలేకపోయాను. థామి లేపాడు.

ఆగస్టు 26

నిన్న అయింది. రెండు గంటలు. మెలకువగానే ఉన్నాను.

పాదం వెచ్చబడింది. చిటికెన వేలి సంగతి చూడాలి అంటున్నారు. డాక్టర్ స్లాస్సి ఏ మాటా ఇవ్వలేదు. "మళ్ళీ సన్నబడవచ్చు. మూడు నెలలకోసారి స్కాన్, రక్తం. అంకె సున్నా యాభై ఐదు కిందికి రావాలి." సరే అన్నాను.

బతూల్ రాత్రంతా కుర్చీలో ఉంది, థామి బయట బెంచీ మీద. పొద్దున వెళ్ళమన్నాను. వెళ్ళనంది. బేరం గుర్తు చేశాను. దుప్పటి సర్దింది, మాత్రల డబ్బా ఖద్దూజ్ చేతికిచ్చి మూడుసార్లు చెప్పింది, తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి, నా నోరు తెరిపించి నాలిక కింద మాత్ర దాచలేదు కదా అని చూసింది. తర్వాత వెళ్ళింది. థామి దాని సంచి భుజాన వేసుకున్నాడు. వరండా చివర మలుపు దాకా దాని చెప్పుల చప్పుడు విన్నాను.

ఏడవలేదు అని రాద్దామనుకున్నాను. ఏడ్చాను. పెద్దగానే. పక్క మంచం ఆయన కంగారుపడి నర్సును పిలిచాడు. ఆ పిల్ల సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"హాజీ, ఏ కాలు? ఎక్కడ నొప్పి?"

"ఏ కాలూ కాదమ్మా," అన్నాను, "మా అమ్మాయికి పెళ్ళైంది."